దూరం నుంచి సాయం: కమాండ్ పంపాలా, మౌస్ పట్టాలా?

భీమవరం_కుర్రాడు: నాన్నగారు భీమవరంలో, నేను డబ్లిన్‌లో. ఆయన లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్. ప్రింటర్ మాటిమాటికీ పాజ్‌లోకి పోతోంది. ఫోన్‌లో ‘మెనూలో ప్రింటర్స్ నొక్కండి’ అంటే ‘ఏ మూలరా?’ అంటారు. టెర్మినల్ కిటికీలో టైప్ చేసే కమాండ్లు వాట్సాప్‌లో పంపనా, రిమోట్ యాప్ పెట్టి నేనే చేసేయనా?

కొండపల్లి99: కమాండే, రెండో మాట లేదు. ఉబుంటు (అదీ ఒక లినక్సే) 2017లో యూనిటీ అనే డెస్క్‌టాప్ వదిలి గ్నోమ్ అనే దానికి వెళ్ళాక, మెనూలన్నీ మారిపోయి మా అత్తయ్యకి క్లిక్కులు రాసిచ్చిన కాగితం ఎందుకూ పనికిరాలేదు. కొత్త అప్‌డేట్లు ఉన్నాయేమో చూసే ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కమాండ్ అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

సరళ: సుడో అడిగే పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనిపించదు కదా! కీబోర్డ్ పోయిందని మా అమ్మ మెషీన్ ఆఫ్ చేసేసింది. ఆ టెన్షన్ మీకేం తెలుసు?

కొండపల్లి99: సరళ గారూ, అది ఉబుంటులో. మింట్‌లో నక్షత్రాలు వస్తాయి.

రవి_టెక్: వాట్సాప్‌లో కమాండ్ పంపేటప్పుడు ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు (` గుర్తు) పెట్టండి. లేకపోతే రెండు నక్షత్రాల మధ్య ఉన్నది బోల్డ్ అయిపోయి నక్షత్రాలు మాయమవుతాయి. ఫోన్‌లో చూసి టైప్ చేసేవాళ్ళకి అవి ఉన్నాయనే తెలియదు.

ఐఫోన్_అక్క: అదొక్కటే చాలదు. ఐఫోన్‌లో రెండు హైఫన్లు కొడితే ఒక పొడుగాటి గీత అయిపోతుంది. కమాండ్ తప్పు అంటుంది, మనం గంటసేపు పెద్దవాళ్ళని కోప్పడతాం.

రవి_టెక్: నాకెప్పుడూ అలా అవలేదు.

ఐఫోన్_అక్క: మీది ఆండ్రాయిడ్ అయి ఉంటుంది! సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్‌లో ‘స్మార్ట్ పంక్చుయేషన్’ ఆపి చూడండి. తెలియకుండా కొట్టిపారేయొద్దు.

సర్వర్_శాస్త్రి: ఇరవై ఏళ్ళుగా డేటా సెంటర్లలో పనిచేస్తున్నాను. ఫోన్‌లో అక్షరాలు చదివించడం పద్ధతే కాదు. దూరం నుంచే ఆ మెషీన్‌లో కమాండ్లు కొట్టనిచ్చే ఎస్ఎస్‌హెచ్ పెట్టండి, మీరే లోపలికెళ్ళి చూసుకోండి.

రవి_టెక్: శాస్త్రి గారూ, మన దగ్గర చాలా ఇళ్ళ కనెక్షన్లు సీజీనాట్ వెనకే ఉంటాయి, అంటే చాలా ఇళ్ళకి కలిపి ఒకే ఇంటర్నెట్ అడ్రస్. బయటి నుంచి పోర్ట్ తెరుచుకోదు. డేటా సెంటర్ వేరు, ఇల్లు వేరు.

సర్వర్_శాస్త్రి: దానికే రివర్స్ టన్నెల్ ఉంది, ఇంటి మెషీనే బయటికి కనెక్ట్ అయి మనకి దారి ఇస్తుంది. చేతకాకపోతే అడగండి, చెబుతాను.

పద్మజ_వరంగల్: మీరంతా అసలు ప్రమాదం వదిలేశారు. ఫోన్‌లో ఎవరో చెప్పింది చెప్పినట్టు టైప్ చేయడం, ఎవరో పంపిన యాప్ ఎక్కించడం పెద్దవాళ్ళకి అలవాటు చేస్తే రేపు మోసగాళ్ళకీ అలాగే చేస్తారు. ఎనీడెస్క్ అనే రిమోట్ యాప్ ఎక్కించి యూపీఐ డబ్బు లాగేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. మా బాబాయి పింఛను డబ్బు అలాగే పోయింది. ఎవరు ఫోన్ చేసినా పెద్దవాళ్ళు పెట్టేసి, తిరిగి మన నంబర్‌కి వాళ్ళే చేయాలి. మా ఇంట్లో ఇదే రూల్.

కొండపల్లి99: ఒప్పుకుంటాను. కానీ కమాండ్ అయితే ఏం కొట్టారో టెర్మినల్ హిస్టరీలో ఉంటుంది. మౌస్ నొక్కులకి ఆధారమేదీ?

పద్మజ_వరంగల్: డబ్బు పోయాక హిస్టరీ చూసుకుని ఏం చేస్తాం అన్నా?

గోదారి_గట్టు: ప్రింటర్ సంగతి: ‘ఎల్‌పీస్టాట్ -పీ’ కొట్టిస్తే ఎందుకు ఆగిందో కారణం చూపిస్తుంది. ‘కప్స్‌ఎనేబుల్’ పక్కన ప్రింటర్ పేరు పెడితే మళ్ళీ నడుస్తుంది. ఎర్రర్ పాలసీ (తప్పు వస్తే ఏం చేయాలనే సెట్టింగ్) ‘స్టాప్ ప్రింటర్’ అని ఉంటే ఒక్క ప్రింట్ జాబ్ తప్పినా వరస మొత్తం ఆగిపోతుంది, ‘రీట్రై జాబ్’కి మార్చండి. ఆ మార్పు మాత్రం ప్రింటర్ సెట్టింగ్స్ కిటికీలోనే సులువు.

సరళ: టెర్మినల్లో తెలుగు ఫైల్ పేర్లు ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి, అమ్మ చదవలేకపోతోంది. ఫాంట్ మార్చినా అంతే. ఎవరికైనా సరిగ్గా వస్తోందా?