థైరాయిడ్ మాత్ర వాడుతున్నా నడుం తగ్గట్లేదు

ప్రశ్న (రాయగడ): హైపోథైరాయిడ్‌కి (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉండటం) మాత్ర వాడుతున్నాను. థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చింది, ముఖంలో ఉబ్బు పోయింది. కానీ జాకెట్లు ఇంకా పట్టేస్తున్నాయి. రాత్రి అన్నం మానేస్తే నీరసం. ఏం చేయాలి?

జవాబు (పర్లాకిమిడి): చెల్లీ, తిండి మానకు! థైరాయిడ్ హార్మోన్ తగ్గినందువల్ల పెరిగే బరువులో ఎక్కువ భాగం ఉప్పూ నీరే, అది మాత్రతో దిగుతుంది. మిగిలిన కొవ్వుకి తిండి సరిచేసుకోవాలి, కండ నిలుపుకోవాలి. నేను అన్నం సగం చేసి, సంతలో కొన్న ఉలవలు ఉడికించి గుప్పెడు, ఒక గుడ్డు తింటాను. నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని గుంజీలు తీస్తాను. కాటా పెద్దగా కదల్లేదు గానీ జాకెట్టు వదులై, కుట్టు లోపలికి వేయించుకున్నాను.

జవాబు (బరంపురం): మాత్ర పరగడుపున నీళ్లతోనే వేసుకోండి. టీకి కనీసం అరగంట ఆగాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకి 4 గంటల ఎడం ఉండాలి. బరువు కోసం డోసు మీరే పెంచుకోవద్దండీ, గుండెదడ పట్టుకుంటుంది.

జవాబు (పర్లాకిమిడి): అవును. డాక్టరు డోసు మారిస్తే 6 నుంచి 8 వారాలకి మళ్ళీ టీఎస్‌హెచ్ చేయించు.