దేవుడు ఆపుతున్నాడా, అపవాది అడ్డుపడుతున్నాడా?

ఆవగింజ
అందరికీ వందనాలు. ప్రార్థన చేసి ఒక పనికి దిగాక వరసగా ఆటంకాలు వస్తే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? అపొస్తలుల కార్యములు 16:7లో ఆత్మే పౌలును బితూనియ ప్రాంతానికి వెళ్లనివ్వలేదు. 1 థెస్సలొనీకయులు 2:18లో సాతాను అడ్డుపడ్డాడు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అలాగే కలలకు ఎంత విలువ ఇవ్వాలి, ఉపవాసం ఎన్నాళ్లు, ఎవరైనా వచ్చి ‘ప్రభువు నీకు ఈ మాట చెప్పమన్నాడు’ అంటే ఏం చేయాలి, ఇవి కూడా చెప్పండి.

రాత్రికావలి
ఆటంకాన్ని బట్టి తేల్చకండి. బోల్తా పడేది అక్కడే. 1 కొరింథీ 16:9లో పౌలు తలుపు తెరుచుకుందంటాడు, ఎదిరించేవాళ్లు చాలామంది ఉన్నారనీ అదే వచనంలో అంటాడు, అయినా ఎఫెసులోనే ఉంటానంటాడు. యోనాకేమో రేవులో ఓడ సిద్ధంగా దొరికింది, కేవు (ఓడ ఛార్జీ) కట్టి ఎక్కేశాడు. అన్నీ కలిసొచ్చాయి, పోయింది మాత్రం దేవుడు పొమ్మన్నదానికి ఎదురుదిక్కుకు.

ఆటంకం వచ్చినప్పుడు మనసులో కలిగే ఆలోచన మిమ్మల్ని ఎటు నెడుతోందో చూడండి. ఆత్మ గద్దిస్తే ఫలానా పాపం అని పేరు పెట్టి చూపిస్తాడు, చేయాల్సిన పని కూడా చెబుతాడు: ఒప్పుకో, తిరిగి ఇచ్చెయ్, వెళ్లి క్షమాపణ అడుగు. అపవాది ‘నువ్వెప్పుడూ ఇంతే’ అంటాడు. ఏ తప్పో చెప్పడు, దారీ చూపించడు. 2 కొరింథీ 7:10లోని రెండు రకాల దుఃఖం ఇదే.

పాతద్రాక్షతిత్తి
ఇవన్నీ సరే బ్రదర్, పోరాటం అన్నాక దానియేలులా 21 రోజులు కట్టుగా ఉపవాసం ఉండాల్సిందే. పారసీకుల అధిపతి దూతను 21 రోజులు అడ్డుకున్నాడు, ఆ తర్వాతే జవాబు వచ్చింది. అంతకు ముందే లేచేస్తారు కాబట్టే స్వరం వినబడదు.

బెరయవాసి
అన్నా, దానియేలు 10 ఇంకోసారి చదవండి. 3వ వచనంలో ఆయన మానేసింది రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం. అసలు తిండే మానేశాడని లేదు. 12వ వచనంలో దూత ఏమన్నాడు? మొదటి రోజే నీ మాటలు వినబడ్డాయి అన్నాడు. 21 రోజులు పట్టింది దూత రావడానికి, దేవుడు వినడానికి కాదు.

పాతద్రాక్షతిత్తి
అంటే ఆయన పట్టు విడవకపోబట్టే కదా దూత రాగలిగాడు? వేదాంతం చదివినవాళ్లకు ప్రార్థనలో పట్టు అంటే ఏంటో తెలియదు.

బెరయవాసి
తెలియంది ఎవరికో వచనమే చెబుతుంది. పైన ఆ పోరాటం జరుగుతోందని దానియేలుకు తెలియనే తెలియదు, దూత వచ్చి చెప్పాకే తెలిసింది. ఆ అధిపతిని ఆయన పేరు పెట్టి గద్దించలేదు, బంధించలేదు. ఇంకోటి, 4వ వచనంలో తేదీ మొదటి నెల 24. మూడు వారాలు వెనక్కి లెక్కేస్తే 14న పడే పస్కా పండుగ ఆ దుఃఖదినాల్లోనే వచ్చింది. తేదీలు కూడా చూడకుండా ‘21’ని మంత్రం చేసేశారు.

పాతద్రాక్షతిత్తి
మంత్రం అన్న మాట వెనక్కి తీసుకోండి.

బెరయవాసి
అంకెను పట్టుకు వేలాడితే ఇంకేమనాలి?

లేవీదీపం
ఇద్దరూ ఆగండి. ఉపవాసం గురించి పనికొచ్చేది చెబుతా. రోజూ కాఫీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, రెండో రోజు ముదురుతుంది. దాన్ని దురాత్మ దాడి అనుకుని గద్దిస్తూ కూర్చుంటారు. వారం ముందు నుంచే కాఫీ తగ్గించుకుంటూ రండి. నీళ్లు మానకండి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఒక్క పూట తిండి కూడా మానొద్దు. షుగర్ పడిపోతే వచ్చే వణుకు, కళ్లు తిరగడం దర్శనం కాదు. నిద్ర లేకుండా రోజుల తరబడి స్వరాలు వినిపిస్తున్నా, నిన్ను నువ్వు గాయపరచుకో అంటున్నా, ప్రార్థనతో పాటు ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మౌనసాధకుడు
ఒక పాత నియమం ఉంది. కేథలిక్ గురువు లొయోలా ఇగ్నేషియస్ 1548లో అచ్చువేయించినవాటిలో ఇదొకటి: మనసు ఎండిపోయి చీకటిగా ఉన్న వేళ, అంతకు ముందు నెమ్మదిలో తీసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదు. ఆటంకాలు వచ్చినప్పుడు జనం మార్చేది సరిగ్గా అదే.

పాతద్రాక్షతిత్తి
కేథలిక్ పద్ధతులు ఇక్కడెందుకు? బైబిల్ చాలదా?

మౌనసాధకుడు
చాలు. కీర్తన 42 రాసినవాడు ‘నా ప్రాణమా, ఎందుకు క్రుంగియున్నావు’ అని తన ప్రాణాన్నే నిలదీస్తాడు. ఆ క్రుంగుదల మాట విని దారి మార్చుకోడు. ఇగ్నేషియస్ చెప్పింది అంతకు మించి ఏం లేదు.

రాత్రికావలి
బైబిల్ చాలదా అన్నారు కాబట్టి, సాతాను కూడా బైబిలే ఎత్తాడు. మత్తయి 4:6లో వాడు చెప్పింది కీర్తన 91:11, 12. అందులో ‘నీ మార్గములన్నిటిలో’ అన్న ముక్క వదిలేశాడు. సింహాన్నీ సర్పాన్నీ తొక్కే 13వ వచనం దాకా రానేలేదు, వస్తే తన సంగతే బయటపడుతుంది. అందుకే వాగ్దానం కార్డు మీది ఒక్క లైను చూసి అడుగు వేయకండి. ముందు అధ్యాయం, వెనక అధ్యాయం చదవాల్సిందే.

లేవీదీపం
‘ప్రభువు చెప్పమన్నాడు’ అని వచ్చేవాళ్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. 1 రాజులు 13లో దైవజనుడికి దేవుడు సూటిగా చెప్పాడు: ఇక్కడ తినొద్దు, తాగొద్దు, వచ్చిన దారిన పోవద్దు. ముసలి ప్రవక్త వచ్చి దూత నాతో వేరేగా చెప్పాడన్నాడు. నమ్మి తిన్నాడు, దారిలో సింహం చంపింది. దేవుడు మీకు నేరుగా చెప్పినదాన్ని ఇంకొకరి ప్రవచనంతో కొట్టేయకండి. నెహెమ్యా 6లో షెమయా అనేవాడు ‘నిన్ను చంపడానికి వస్తున్నారు’ అని నెహెమ్యాను భయపెట్టి గుడిలో దాక్కోమన్నాడు. ఆ మాట పాపంలోకి దించేది కాబట్టే, వాడు కూలికి చెబుతున్నాడని నెహెమ్యా పట్టేశాడు. ఫిలిప్పీలో సోదె చెప్పే చిన్నది పౌలు వెంటపడి ‘వీళ్లు దేవుని దాసులు’ అన్నది నిజమే, ఆత్మ మాత్రం వేరు. మాట నిజమైతే చాలదు.

చేయాల్సింది: చెప్పిన మాటను తేదీతో సహా అక్షరం పొల్లుపోకుండా రాసి పెట్టండి. పొగడనివాళ్లు ఇద్దరికి చూపించండి, 1 కొరింథీ 14:29లో తక్కినవాళ్లు వివేచించాలని ఉంది. తర్వాత ఆగండి. యిర్మీయా 42:7లో ప్రవక్తకే వాక్కు పది రోజుల తర్వాత వచ్చింది. ఈ రాత్రికే తేల్చు, ఎవరికీ చెప్పకు అంటే అక్కడే అనుమానించండి.

ఆవగింజ
మరి కలలు?

బెరయవాసి
యిర్మీయా 23:28. కల కన్నవాడు కల చెప్పనీ, నా వాక్కు ఉన్నవాడు వాక్కు చెప్పనీ, ధాన్యానికీ చెత్తకూ ఏం సంబంధం అని ఉంటుంది. కానీ ముందు ఆ 21 రోజుల సంగతి...

పాతద్రాక్షతిత్తి
మళ్లీ మొదలెట్టారా!