నాలుగు పళ్ళ గిత్త, శివరాత్రికి 40 రోజులు: దాణా తగ్గించమంటారా?

మద్దిపాడు కోడె:

అందరికీ నమస్కారం. మాది మద్దిపాడు మండలం. ఇంట్లో పుట్టిన ఒంగోలు గిత్త ఉంది, మూడేళ్ళు దాటింది, మొన్న దీపావళికి పాలపళ్ళు ఊడి నాలుగు పెద్దపళ్ళూ నిండాయి. శివరాత్రి తిరునాళ్ళకి పక్క ఊళ్ళో పశు ప్రదర్శన పెడుతున్నారు. బండలాగుడు కాదు, అందాల పోటీ. నాలుగు పళ్ళ విభాగంలో దించుదామని డిసెంబరు మొదటి నుంచి దాణా పెంచాను.

ఇప్పుడు పెడుతున్నది రాస్తాను. రోజుకి ఉలవలు 3 కిలోలు (నానబెట్టకముందు తూకం, ఉడకేసి పెడతాం), మొక్కజొన్న నూక 3 కిలోలు, తవుడు 2, వేరుశనగ చెక్క 1. అన్నీ రెండు పూటలుగా. జొన్న చొప్ప, వరిగడ్డి ముందుంటాయి గానీ పెద్దగా ముట్టడం లేదు. తూకం వేస్తే ఆ రెండూ కలిపి 4 కిలోలు కూడా తినడం లేదు.

డిసెంబరు ఒకటిన టేపు కొలత ప్రకారం 530 కిలోలు. నిన్న ఛాతీ చుట్టుకొలత 78 అంగుళాలు, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా 62 అంగుళాలు. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి 660తో భాగిస్తే 571 వచ్చింది. నమ్మకం చాలక బొలెరో పికప్‌లో ఎక్కించి కాటా మీదకి తీసుకెళ్ళాను. ఖాళీ బండి 1,780, గిత్తతో 2,340. అంటే 560. ఎలా చూసినా బరువైతే ఎక్కింది.

సంతోషపడాలి కదా? కానీ నాలుగు రోజులుగా నాకు టెన్షన్‌గా ఉంది. మూపురం నిటారుగా ఉండేది, ఇప్పుడు ఎడమ పక్కకి ఒరిగినట్టు కనిపిస్తోంది. నడిచేటప్పుడు అటూ ఇటూ ఊగుతోంది. పేడ జావలా పడుతోంది, పుల్లటి వాసన, అందులో మొక్కజొన్న పలుకులు పలుకులుగానే కనిపిస్తున్నాయి. పొద్దున లేవడానికి బద్ధకం. ముందు కాళ్ళు కాస్త ముందుకి చాపి నిలబడుతున్నాడు.

నాన్నేమో "పెట్టు, పెట్టు, జడ్జీలు దూరం నుంచే చూసి ఆగిపోవాలి" అంటాడు. తగ్గిస్తే ఈ 40 రోజుల్లో డొక్కలు తేలతాయని ఆయన భయం. నాక్కూడా ఆ భయం లేకపోలేదు. ఇంకోటి, పక్క చేలో కోసిన జొన్న మొదళ్ళకి పచ్చటి పిలకలు వచ్చాయి. మేత మార్పుగా వాటి మీద కట్టేద్దామా అనుకుంటున్నాను. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బండపందెం బుల్లోడు:

అన్నా, దాణా తగ్గించొద్దు. 40 రోజులంటే చాలా టైము. ఒక ఇంజెక్షన్ ఉంది, పది రోజులకోటి, కండ గట్టిపడి మూపురం కూడా లేస్తుంది. రోజూ పది గుడ్లు, పావుకిలో నెయ్యి వెదురు గొట్టంతో పట్టించు. మా జత ఎడ్లకి ఇదే చేస్తాం.

గుండ్లకమ్మ గట్టు:

అబ్బాయ్, ముందు ఆ పిలకల మాట. వద్దు. కోసిన జొన్నకి వచ్చిన లేత పిలకల్లో నాము అనే విషం ఉంటుంది. మా చిన్నప్పుడు మా మేనమామ ఇంట్లో కట్టుతాడు తెంపుకుని వెళ్ళిన ఆవు అరగంటలో గట్టు మీద పడిపోయింది. డాక్టరు వచ్చేలోపే అయిపోయింది. జొన్న పూత మీదకి వచ్చాక కోసి పెడితే వేరు, పిలకలు వేరు.

ఇక నీ గిత్త. నువ్వు రాసినదాన్ని బట్టి అది బలం కాదు, కొవ్వు. నేను 30 ఏళ్ళుగా గిత్తల్ని ప్రదర్శనలకి తిప్పుతున్నాను. ఒక ఏడు నేనూ నీలాగే చేశాను. రెండు పళ్ళ దూడ, చూస్తే ఏనుగు పిల్లలా ఉండేది, ఊరంతా మెచ్చుకున్నారు. బరిలో రెండో చుట్టు తిప్పేసరికి నాలుక బయట పెట్టింది, మూడో చుట్టులో పడుకుంది. లేపడానికి నలుగురు పట్టారు. అందరిముందు నేను తోక మెలిపెడుతూ నిలబడ్డాను చూడు, ఆ సిగ్గు నాకు ఇప్పటికీ గుర్తే.

మంచి జడ్జి ముందుగా నడిపించమంటాడు. తడి నేల మీదో ఇసకలోనో నడిపించి అడుగులు చూస్తాడు. వెనక కాలు ముందు కాలు అడుగులో పడాలి. బరువెక్కిన గిత్త వెనక కాలు జానెడు వెనకే పడుతుంది. నువ్వు రేపు పొద్దున చెరువు కట్ట కింద నడిపించి చూడు, నీకే అర్థమవుతుంది. ఆ తర్వాత మూపురం నిలబడిందా, గంగడోలు మడతలు పడి వేలాడుతుందా, కొమ్ములు పొట్టిగా మొద్దుగా ఉన్నాయా, కంటి రెప్పలూ తోక కుచ్చూ నల్లగా ఉన్నాయా అని చూస్తారు. మన ఒంగోలు జాతిని కిలోల్లో చూసి మెచ్చుకున్నవాళ్ళు నాకు తక్కువే కనిపించారు. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి గిత్త బ్రెజిల్ దాకా వెళ్ళిందంటే ఒంట్లో కొవ్వు చూసి తీసుకుపోలేదు కదా.

ఒరిగిన మూపురానికి మర్దనలు, పట్టీలు అంటారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. కొవ్వు కరిగితే కొంత లేస్తుంది, పూర్తిగా లేవకపోనూవచ్చు. పొద్దున ఎండెక్కకముందు ఒక మైలు, సాయంత్రం ఒక మైలు నడిపించు. కాళ్ళ నొప్పి లేదని డాక్టరు చెప్పాకే సుమా.

పశువైద్యం రిటైర్డ్:

నమస్తే తమ్ముడూ. నేను పశుసంవర్ధక శాఖలో చేసి రిటైరయ్యాను. నీ లెక్కలోనే జబ్బు కనిపిస్తోంది. దాణా 9 కిలోలు, గడ్డి 4 కిలోలు. 560 కిలోల గిత్త రోజుకి తినే పొడి మేత అంతా కలిపితే ఒంటి బరువులో నూటికి రెండు, రెండున్నర వంతులు, అంటే 11 నుంచి 14 కిలోలు. అందులో కనీసం సగం గడ్డి, చొప్ప ఉండాలి. నువ్వు తిరగేశావు. మెత్తటి మొక్కజొన్న నూక పెద్దపొట్టలో త్వరగా పులిసి ఆమ్లం ఎక్కువవుతుంది. పుల్లటి పేడ దాని గుర్తే. ఆ ఆమ్లం ప్రభావం గిట్టల దాకా వెళ్తుంది. ముందు కాళ్ళు చాపి నిలబడటం, లేవడానికి బద్ధకించడం నాకు నచ్చలేదు. గిట్ట మీద అరచెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటే ఈ రోజే డాక్టర్ని పిలువు. 1962కి ఫోన్ చేసినా పశువైద్య సంచార వాహనం వస్తుంది.

దాణా ఒక్కసారిగా ఆపొద్దు. మూడు రోజులకోసారి నూక అరకిలో చొప్పున తగ్గించుకుంటూ రా. ఉలవలు కిలోన్నరకి తీసుకురా. తగ్గించినంతా చొప్పతో పూడ్చు. చొప్ప ముట్టడం లేదన్నావు, దాణా ముందు పెడితే ఎందుకు ముడుతుంది? పొద్దున ముందు చొప్ప, గంటన్నర తర్వాత దాణా. చొప్ప నరికి పెడితే కాడలు వదలడు. పిల్లిపెసర పచ్చిమేత దొరికితే రోజుకి నాలుగైదు కిలోలు చాలు, పొట్ట ఉబ్బరం రాకుండా ఎండుగడ్డితో కలిపి వెయ్యి. ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు. వంటసోడా రోజుకి 100 గ్రాములు దాణాలో కలిపి పది రోజులు.

నెమరు లెక్కపెట్టు. గిత్త పడుకుని ఉన్నప్పుడు ఒక ముద్ద పైకి తెచ్చాక ఎన్నిసార్లు నములుతుందో చూడు. 50, 60 సార్లు నమిలితే పొట్ట బాగున్నట్టు. 30 దాటకుండానే మింగేస్తుంటే గడ్డి చాలడం లేదని. దీనికి టేపూ అక్కర్లేదు, కాటా అక్కర్లేదు.

బుల్లోడికి ఒక మాట. గొట్టంతో నెయ్యీ గుడ్లూ పడితే సగం ఊపిరితిత్తుల్లోకి పోయిన కేసులు ఎన్నో చూశాను. దగ్గు, జ్వరం, ముక్కులో చీము. వారంలో గిత్త పోతుంది. ఇంజెక్షన్ సంగతి ఇక్కడ రాయకు. విత్తనపు గిత్తకి అది ఎక్కిస్తే విత్తనం దెబ్బతింటుంది.

బండపందెం బుల్లోడు:

సరే సార్. మా పెద్దోళ్ళు చేసేది చెప్పాను అంతే.

పొదలకూరు నిమ్మతోట:

మాది నిమ్మతోట, పశువులు రెండే, నాకు పెద్దగా తెలియదు. కానీ ఇది చదువుతుంటే మా అక్క కొడుకు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. వాడు అమెరికాలో నెబ్రాస్కాలో ఉంటాడు. అక్కడ కౌంటీ ఫెయిర్ అని జరుగుతుంది, రైతుల పిల్లలు ఒక్కో కోడెని ఏడాది పాటు మేపి తెస్తారు. అవి విత్తు తీయించినవి, ఏడాదిన్నర వయసుకే 550, 600 కిలోలు తూగుతాయట. రోజుకి కిలో పైన బరువు పెరగాలని లెక్క వేసి మేపుతారు. చివర్లో వేలం వేస్తారు, అవి మాంసానికి పోతాయి. ఆ పిల్లలు తాడు వదల్లేక ఏడుస్తారట.

విషయం ఏమిటంటే అక్కడ కూడా కొవ్వు ఎక్కువైతే జడ్జి వెనక్కి పంపుతాడు. పోటీకి ముందే బరువు ఎక్కేసిందనుకో, ధాన్యం తగ్గించి పత్తిగింజల పొట్టూ ఎండుగడ్డీ పెంచి అదే బరువు మీద నిలబెడతారట. మీ డాక్టరు గారు చెప్పింది కూడా అదే కదా.

ఇంకోటి, కొత్త చోట నీళ్ళు తాగవని వాళ్ళకి పెద్ద బాధ. వారం ముందు నుంచే ఇంట్లో తాగే నీళ్ళలో కాస్త తీపి కలిపి అలవాటు చేస్తారు, అక్కడా అదే రుచి తగిలేటట్టు. మీరు బెల్లం కలపొచ్చు. లేదంటే ఇంటి నీళ్ళే డ్రమ్ములో తీసుకెళ్ళండి.

గుండ్లకమ్మ గట్టు:

నీళ్ళ మాట నిజం. మా బోరు నీళ్ళు ఉప్పు, బయట మంచినీళ్ళు పెడితే వాసన చూసి తల తిప్పేస్తాయి. అబ్బాయ్, కాటా లెక్కలో కూడా ఇది చూసుకో. గిత్త ఒక్కసారి 30 లీటర్లు తాగితే 30 కిలోలు పెరిగినట్టే. తూకం ఎప్పుడు వేసినా పొద్దున నీళ్ళు పెట్టకముందే వెయ్యి.

మద్దిపాడు కోడె:

12 రోజులైంది, సంగతి చెబుదామని వచ్చాను.

డాక్టరు మర్నాడే వచ్చి చూశారు. గిట్టలు గోరువెచ్చగా ఉన్నాయి, ఇంకో పది రోజులు ఇలాగే పెట్టి ఉంటే చాలా తిప్పలు పడేవాడివన్నారు. వారం నడిపించొద్దన్నారు, కింద ఇసక పోయించారు. నూక ఒక కిలోకి వచ్చింది, ఉలవలు కిలోన్నర. చొప్ప నరికి పెడుతున్నాను. ముందు కాళ్ళు ఇప్పుడు సరిగ్గా పెడుతున్నాడు.

నెమరు లెక్క మొదటి రోజు 34. నేను చాపేసుకుని పక్కన కూచుని లెక్కపెడుతుంటే మా అమ్మ "నీ కొడుకు ఎక్కాలు కూడా ఇంత శ్రద్ధగా చెప్పించలేదు" అంది. ఆరో రోజుకి 45 వచ్చింది. అక్కడే ఆగిపోయింది. పేడ కూడా పూర్తిగా గట్టిపడలేదు. టేపు చుట్టుకొలత 78 నుంచి కదల్లేదు. దాణా మూడున్నర కిలోలు తగ్గితే కొలత ఎందుకు కదలదు? సోడా మార్చాలా, చొప్ప మంచిది కాదా అని తల పగలగొట్టుకున్నాను.

మొన్న రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చావిడిలోకి వెళ్ళాను. చీకట్లో గాడి దగ్గర నాన్న. చేతిలో చిన్న స్టీలు గిన్నె, నిండా ఉడికిన ఉలవలు. గిత్త ఆయన భుజం నాకుతోంది. నన్ను చూసి గిన్నె వెనక్కి పెట్టుకున్నాడు. "బక్కచిక్కిపోతున్నాడురా, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. గిన్నె తూకం వేశాను, 2 కిలోలు పట్టింది, ఉడికినవే. 12 రోజులూ వేశాడట. అమ్మకి తెలుసు, నాకు చెప్పలేదు.

ఏం చేయమంటారు? ఉలవల డబ్బాకి తాళం వేస్తే ఇంట్లో గొడవ. చూస్తూ ఊరుకోలేను.

గుండ్లకమ్మ గట్టు:

తాళం వెయ్యొద్దు అబ్బాయ్. ఆయన పెంచిన గిత్త అది. రాత్రి పూట మేత ఆయనకే అప్పగించు, కానీ గిన్నెలో నరికిన చొప్ప పొయ్యి, పైన గుప్పెడు తవుడు చల్లు. చేత్తో పెట్టాలన్న ఆశ తీరుతుంది. గిత్తకి కావాల్సింది కూడా చొప్పే. నెమరు లెక్క కూడా ఆయన్నే పెట్టమను.

మద్దిపాడు కోడె:

ఆ పనే చేశాను. ఎనిమిది రోజులైంది. చుట్టుకొలత 77, లెక్క వేస్తే 557. మూపురం ఇంకా కాస్త ఎడమకే ఉంది గానీ ఊపు తగ్గింది. డాక్టరు సరేనన్నాక చెరువు కట్ట కింద నడిపించాను, వెనక అడుగు ముందు అడుగుకి నాలుగు వేళ్ళ దూరంలో పడుతోంది.

నెమరు 58 అని నిన్న రాత్రి నాన్న లేపి మరీ చెప్పాడు. పొద్దున నేను లెక్కపెడితే 52. ఆ మాట ఆయనకి చెప్పలేదు.