రేసింగ్ క్యాటమరాన్ మెలి తిరుగుతోంది, ఎలా గట్టిపరచాలి?

18 అడుగుల పాత రేసింగ్ క్యాటమరాన్ (జంట పడవల తెరచాప బోటు) అండి, ఫైబర్‌గ్లాస్ హల్స్ (పక్కపక్కనుండే రెండు పడవ బాడీలు), వాటిని కలిపే రెండు అల్యూమినియం బీములు, మధ్యలో ట్రాంపొలీన్ (మనం కూర్చునే వల). గాలి 12 నాట్స్ లోపుంటే బానే పోతుంది, 15 దాటి అలలు మొదలైతే మాత్రం గాలికి ఎదురెళ్ళేటప్పుడు రెండు హల్స్ దేని దారి దానిదే అన్నట్టు ఊగుతున్నాయి, గాలి తగలని వైపు ష్రౌడ్ (మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, పక్కనుంచి పట్టే తీగ) పూర్తిగా వదులైపోయి ఫోర్‌స్టే (ముందునుంచి పట్టే తీగ) కుంగి జిబ్ (ముందుండే చిన్న తెరచాప) షేప్ పోతోంది, స్పీడూ పోతోంది. ఒడ్డున ఒక హల్ ముక్కు ఎత్తితే, రెండోది కదిలేలోపే ఇది దాదాపు 10 సెంటీమీటర్లు లేస్తోంది.

ట్రాంపొలీన్ తాళ్ళు లాగి బిగించాం, బీమ్ బోల్టులు మార్చి పెద్ద వాషర్లు వేశాం, డాల్ఫిన్ స్ట్రైకర్ కూడా టైట్ చేశాం (అది మాస్ట్ కింద బీమ్ వంగకుండా చూస్తుందే గానీ మెలికని పెద్దగా ఆపదనుకోండి). ష్రౌడ్లు ఇంకా బిగిస్తే మాస్ట్ సరిగ్గా తిరగట్లేదు. హల్స్ తట్టి నొక్కి చూశాం, ఎక్కడా మెత్తబడలేదు. బీమ్ కూర్చునే గాడిలో మాత్రం ఒక మిల్లీమీటర్ సందుంది. కొత్త సెయిల్స్ కొనమంటున్నారు కొందరు, బోటే ఇలా మెలి తిరుగుతుంటే సెయిల్ మార్చి ఏం లాభం.

బీమ్ అంటుకోకుండా దానికి వ్యాక్స్ రాసి గాడిలో చిక్కటి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) నింపి కూర్చోబెడితే ఈ మెలిక తగ్గుతుందా, లేక కార్బన్ బీముల దాకా వెళ్ళాల్సిందేనా?