డర్హమ్‌లో 1216 మాగ్నా కార్టా ఇప్పుడు చూడ్డానికి ఉందా?
నాన్న గుంటూరులో లాయరు, వచ్చే నెల లండన్‌లో మా దగ్గరికి వస్తున్నారు, మనవరాలి కోసమని పైకి అంటున్నా ధ్యాసంతా మాగ్నా కార్టా మీదే, అదే, రాజైనా చట్టానికి లోబడాలని ఇంగ్లండ్ రాజు జాన్ ఒప్పుకున్న పత్రం. 1215 నాటి ప్రతులు మిగిలినవి నాలుగే కదా, వాటిలో సాల్స్‌బరీ కెథీడ్రల్‌ది ఎలాగూ చూపిస్తాను. కానీ ఆయనకు 1216ది కావాలట! జాన్ రాజు పోయాక, ఇంకా చిన్నపిల్లాడైన మూడో హెన్రీ పేరు మీద మళ్లీ ఇచ్చిన ఆ పత్రం ఒక్కటంటే ఒక్కటే మిగిలింది, అది ఉత్తర ఇంగ్లండ్‌లోని డర్హమ్ కెథీడ్రల్ దగ్గరుంది. వెలుతురుకి సిరా వెలిసిపోతుందని అన్నివేళలా బయట పెట్టరట, అప్పుడప్పుడే పెడతారట. ఈమధ్య వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్పండి, పెట్టింది అసలుదా, నకలా? చీమల బారులాంటి ఆ లాటిన్ రాత మసక లైట్లలో డెబ్బై ఏళ్ల కళ్లకు ఆనుతుందా, భూతద్దం లోపలికి తీసుకెళ్లనిస్తారా? అంతదూరం తిప్పి అద్దం వెనక జిరాక్స్ చూపిస్తే నాన్న నన్ను బతకనివ్వరు.