అప్‌డేట్: సెవింగ్టన్ సరిహద్దు తనిఖీ కేంద్రానికి అనుమతి ఎవరు ఇచ్చారు?

ఇంగ్లండ్‌లోని ఆష్‌ఫర్డ్ పక్కన సెవింగ్టన్‌లో, ఎం20 రహదారి జంక్షన్ 10ఏ దగ్గర వచ్చిన సరుకు లారీల సరిహద్దు తనిఖీ కేంద్రానికి స్థానిక కౌన్సిల్ అనుమతి లేకుండానే పనులు ఎలా మొదలయ్యాయని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు సూచించిన చట్టపత్రాన్ని పూర్తిగా చదివాను.

2020 సెప్టెంబర్ 24న అమల్లోకి వచ్చిన ప్రత్యేక అభివృద్ధి ఉత్తర్వు (ప్రభుత్వమే నేరుగా నిర్మాణ అనుమతి ఇచ్చే చట్టపత్రం) 29 స్థానిక సంస్థల పరిధిలో ఇలాంటి కేంద్రాలకు తాత్కాలిక అనుమతినిచ్చింది. నిర్మాణ, నిర్వహణ వివరాలను ఆమోదించే అధికారం మాత్రం కౌన్సిల్‌కు కాక గృహనిర్మాణ, ప్రణాళికా వ్యవహారాల మంత్రికి దక్కింది. అంటే అనుమతి లేకపోవడం కాదు, ఇచ్చే చేయి మారింది. కేంద్రాన్ని నిర్మించే ప్రభుత్వ శాఖ మంత్రి ఆమోదం కోరే ముందు స్థానిక ప్రణాళికా సంస్థతోను, పర్యావరణ, వారసత్వ సంస్థలతోను సంప్రదించి, ఆ సంప్రదింపుల నివేదికను జతచేయాలన్న నిబంధన ఉంది. కానీ అక్కడ అడిగేది అభిప్రాయమే, సమ్మతి కాదు. దగ్గర్లోని సెయింట్ మేరీ చర్చి వైపు పడే రాత్రి దీపాల కాంతిని ఎలా తగ్గించాలో ఆ సంస్థలు చెప్పవచ్చు, తనిఖీ కేంద్రమే అసలు వద్దంటే మాత్రం నిర్మాణం ఆగదు. ఇది నాకు ఇప్పటికీ సబబుగా తోచడం లేదు.

ఆ ఉత్తర్వు కింద వినియోగానికి ఇచ్చిన గడువు 2025 డిసెంబర్ 31 వరకే. ఆ తేదీ తరువాత కొనసాగడానికి వేరే అనుమతి తప్పనిసరి.