బరువు పెంచుకొచ్చిన బాక్సర్ రీమ్యాచ్‌లో ఎలా ఆడతాడో ముందే పసిగట్టేదెలా?

హెవీవెయిట్ రీమ్యాచ్‌లలో వ్యూహాన్ని తూకం బట్టి అంచనా వేద్దామంటే లెక్క కుదరడం లేదు.

2019 జూన్‌లో 247 పౌండ్ల పైన ఉన్న ఆంథనీ జాషువా, ఆండీ రూయిజ్‌తో డిసెంబర్ రీమ్యాచ్‌కి 237కి దిగాడు. దూరం నుంచి జాబ్ (ముందు చేత్తో సూటి దెబ్బ), వెంటనే పక్కకు అడుగు, రూయిజ్ మీదకొస్తే క్లించ్ (కౌగిలించి పట్టేయడం). 12 రౌండ్లూ అంతే. 268 నుంచి 283కి పెరిగిన రూయిజ్ అతన్ని తాళ్ల దగ్గర ఇరికించలేకపోయాడు. ఇక్కడ తూకం నిజమే చెప్పింది.

టైసన్ ఫ్యూరీ దగ్గరే తేడా కొడుతోంది. ఒలెక్సాండర్ ఉసిక్‌తో రెండు ఫైట్లు: 2024 మేలో 262, డిసెంబర్‌లో 281 (బట్టలతో తూగాడు, కొంత తీసేయాలి). బరువంతా మీద వేసి ఉసిక్‌ని నలిపే ఆట పెద్దగా కనబడలేదు. ముగ్గురు జడ్జీలూ 116-112తో ఉసిక్‌కే ఇచ్చారు.

చూసినవి: మొదటి ఫైట్ 9వ రౌండ్. ఉసిక్ ఎడమ చేతి దెబ్బలకు ఫ్యూరీ తాళ్ల మీద పడితే రిఫరీ కౌంట్ ఇచ్చాడు. ఆ భయం రెండోసారి దూరం పెంచుతుందా అంటే, తేలలేదు. పంచ్‌ల లెక్కల్లో ఎన్ని తగిలాయో ఉంటుంది, ఎంత దూరం నుంచో ఉండదు. ఫ్యూరీ ముందు పాదం ఉసిక్ ముందు పాదానికి బయట ఉందా లోపల ఉందా అని చూస్తే, రెండు ఫైట్లలోనూ మారుతూనే ఉంది. ప్రెస్ మీట్ మాటలు సరేసరి, అందరూ నాకౌట్ చేస్తామనే అంటారు.

ఉసిక్ లాంటి సౌత్‌పాతో (కుడి చేయి, కుడి కాలు ముందుంచి ఆడేవాడితో) రీమ్యాచ్‌కి దిగిన ఫ్యూరీ లాంటి పొడుగాటి ఆర్థడాక్స్ (ఎడమ చేయి, ఎడమ కాలు ముందుంచే) బాక్సర్ దగ్గరకెళ్లి కొడతాడా, దూరం నుంచే ఆడతాడా అన్నది మొదటి రౌండ్‌లో ఏ గుర్తు చూసి చెప్పొచ్చు?